నలభై అడుగుల అక్షరాల పటం

పట్టణం సమితి వారి ఆధీనంలోకి వచ్చిన రోజు ఉదయానికి నా కళ్లద్దాల కొట్టులో ఉన్న సరుకు ఇది: ఫ్రేములు రెండు వందల పద్నాలుగు, చూపు పరీక్షించే అద్దాల పెట్టె ఒకటి, గోడకు తగిలించే అక్షరాల పటం ఒకటి, కుంటి స్టూలు ఒకటి. ఇంట్లో ఉన్నది: ఇరవై రెండేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన భార్య ఒకరు. భార్యను సరుకుతో కలిపి చెప్పానని నొచ్చుకోకండి. సమితి వారి జనాభా పట్టికలో కూడా ఆడవాళ్లు "గృహోపకరణములు, ఇతరములు" అన్న శీర్షిక కిందే ఉండేవారు. నేను చట్టానికి లోబడి వ్యాపారం చేసుకునే మనిషిని.

శీల సంరక్షణ మహా సమితి మా మేలు కోరే వచ్చింది. కాదన్నవాడు మా పట్టణంలో ఒక్కడూ లేడు. అంతకు ముందు కాదన్న నలుగురైదుగురు ప్రస్తుతం అందుబాటులో లేరు. సమితి అధ్యక్షుల వారు పూర్వం బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పేవారు. ఆ అలవాటు వల్ల ఏ మాటైనా రెండుసార్లు చెబుతారు. గొప్ప వక్త అని పేరు రావడానికి అది చాలింది.

మొదటి ఉత్తర్వుతో ఆడపిల్లల బడి మూసేశారు. గోడలకు చెమ్మ పట్టిందనీ, చెమ్మ ఆడపిల్లల ఆరోగ్యానికి చేటనీ కారణం చూపించారు. ఆ గోడకు అవతలి పక్కనే మగపిల్లల బడి. చెమ్మకు కూడా నీతీ నియమం ఉంటాయని, అది ఒక పక్కకే పడుతుందని అప్పుడు తెలుసుకున్నాం. రెండో ఉత్తర్వుతో ఆడవాళ్లు వీధిలో పైకి నవ్వడం ఆగిపోయింది. మూడోదానితో చప్పుడయ్యే చెప్పులు పోయాయి. నాలుగోదానితో ఇళ్ల కిటికీలకు ఆరడుగుల ఎత్తు దాకా నల్లరంగు వేశారు. మిగిలిన అరడుగులోంచి ఆకాశం కనిపించేది. దాని మీద ప్రస్తుతానికి అభ్యంతరం లేదని సమితి వారు ఉదారంగా ప్రకటించారు.

ఇలా అరవై నాలుగు నిబంధనలు. తప్పినవాళ్లను సంస్కరణ గృహానికి తీసుకుపోయేవారు. అది ఒకప్పటి గ్రంథాలయం. పుస్తకాలు తీసేశాక గదులు చాలా ఖాళీ అయ్యాయి. ప్రసవానికి వేళకాని వేళ ఒంటరిగా వెళ్లిందని మా వీధి నర్సమ్మను మొదటి నెలలోనే తీసుకుపోయారు. ఆమె తమ్ముడు ప్రతి వారం వెళ్లి అడిగేవాడు. ఆమె సంస్కరణ ఇంకా పూర్తి కాలేదని చెప్పి పంపేసేవారు.

ఇక నా సంగతి. పరాయి మగవాడు స్త్రీ కళ్లలోకి చూడరాదన్న ఇరవై ఒకటో నిబంధన నా వ్యాపారాన్ని సగానికి నరికింది. కళ్లలోకి చూడకుండా కళ్లద్దాలు ఇవ్వడం దేవుడి తరం కూడా కాదు. ఆలోచించి అర్జీ పెట్టాను. "స్త్రీలకు చూపు తగ్గినచో పంచదార బదులు ఉప్పు వేసెదరు. తత్ఫలితముగా పురుషులకు కలుగు కష్టము తమకు తెలియనిది కాదు." పురుషుల కష్టం అనేసరికి సమితి కదిలింది. పదకొండు రోజులు చర్చించి అనుమతి పత్రం ఇచ్చింది. కొట్టు వెనక గదిలో, తెర చాటున, దుకాణదారుని ఇంటి స్త్రీ మాత్రమే పరీక్ష చేయవలెను. అనుమతించిన సామగ్రి: అద్దాల పెట్టె ఒకటి, స్టూలు ఒకటి, పటము ఒకటి. కింద గుండ్రటి ముద్ర.

ఆ పటం మీద ఉండేవి అక్షరాలని పదకొండు రోజుల్లో ఒక్కరికీ తట్టలేదు.

రెండు నెలలుగా నల్లరంగు కిటికీకి ఎదురుగా కూర్చున్న మా ఆవిడ ఆ పత్రాన్ని నాలుగుసార్లు చదివింది.

"ఏమండీ, పటం ఒకటి అన్నారు."

"అవును, ఒకటే. రెండోది పెడితే ఊరుకోరు."

"ఎంత పొడుగో అనలేదు."

మర్నాడు నా చేత పరదా గుడ్డ తెప్పించింది. నలభై అడుగులు. దాన్ని రెండు కర్రలకు చుట్టి, పై కర్ర తిప్పితే కింది భాగం పైకి వచ్చేట్టు గోడకు బిగించింది. మొదట కంచం అంత అక్షరాలు. దిగుతున్నకొద్దీ అక్షరం చిన్నదవుతూ, మాటలు, వాక్యాలు, ఎక్కాలు, భిన్నాలు, ఒంట్లో ఎముకల పేర్లు, నెత్తురు ఆగకపోతే ఎక్కడ నొక్కాలో, ఏ దేశం ఎటువైపు ఉందో. చివరి మూడడుగుల్లో ఏం రాసిందో నాకు తెలియదు. నా చూపు అంత దూరం పోదు.

మొదటి నెల రోగులు ఆరుగురు. రెండో నెల నలభై ఒకరు. అయిదో నెలకి రెండు వందల అరవై. మా పట్టణంలో ఆడవాళ్లకు ఇంత ఘోరంగా చూపు పడిపోయిందని నేను కలలో కూడా అనుకోలేదు. పవరు లేని ఉత్త గాజులు బిగించి ఫ్రేములు ఇచ్చేది మా ఆవిడ. నేను కొత్త సరుకు తెప్పించాను. వ్యాపారి ఇంతకంటే ఎక్కువ ఆలోచించనక్కర్లేదు.

వీధి చివర పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చి అమ్మే ముసలావిడను అందరం రొట్టెలత్త అంటాం. ఒకనాడు ఆవిడ కూడా తడుముకుంటూ వచ్చింది.

"ఏమైందత్తా నీ కళ్లకు?" అన్నాను.

"ఏం చెప్పమంటావు అబ్బాయ్, అంతా మసక. నిన్న మా మనవరాలనుకుని పిండి బస్తాకి ముద్దు పెట్టా."

"మొన్ననేగా, నా చొక్కా బొత్తాం ఊడిందని వీధి చివర్నించి కేకేశావు?"

"అదే మరి. దూరంవి బానే కనిపిస్తాయి. దగ్గరివే... ఇంతకీ నువ్వెవరు నాయనా?"

తెర వెనక నుంచి మాటలు వినిపించేవి.

"పై వరుస కనిపిస్తోందా అత్తా?"

"కనిపిస్తోంది గానీ, అదేంటో తెలీట్లేదమ్మా."

"తెలిసేదాకా చూడు."

ఇతర పట్టణాల్లో కంటి పరీక్షకు పది నిమిషాలు పడుతుందట. మా దగ్గర గంటన్నర. వారానికి రెండుసార్లు. కొందరమ్మాయిలకైతే రెండేళ్లు పట్టింది, పటంలో ముప్పై అడుగుల దాకా వెళ్లారు.

రోగుల రద్దీ తనిఖీ అధికారి దృష్టికి వెళ్లింది. పట్టపగలు కూడా టార్చి వేసి ఆడవాళ్ల మేలిముసుగులు పరిశీలించే నిష్ఠాపరుడాయన. మేమంతా చాటుగా టార్చిదొర అనేవాళ్లం. ఆయన వచ్చి తెర ఇవతల నిలబడి, ఇంతమందికి కళ్లెందుకు పోయాయని గద్దించాడు. నేను బిల్లు పుస్తకం తిరగేశాను. తెర అవతల నుంచి మా ఆవిడ నెమ్మదిగా అంది:

"అయ్యా, తమరి నిబంధనల్ని గోడల మీద చిన్న అక్షరాలతో అంటించారు. ఇవేమో మసక కళ్లు. కనిపించక తప్పు చేస్తే పాపం ఎవరిదండీ?"

టార్చిదొర తల పంకించాడు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రతి స్త్రీ నెలకొకసారి విధిగా చూపు పరీక్ష చేయించుకుని, నిబంధనలు కనిపించుచున్నవని ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవలెను. దాన్ని ఆవిష్కరిస్తూ అధ్యక్షుల వారు ప్రసంగించారు:

"స్త్రీ చదవడం నిషిద్ధం. స్త్రీ చదవడం నిషిద్ధం. కానీ నిబంధన కనిపించడం నిర్బంధం. నిబంధన కనిపించడం నిర్బంధం. ఈ సున్నితమైన తేడా ప్రపంచంలో మొదట గుర్తించింది మన సమితి. మన సమితి."

చప్పట్లు కొట్టాం. రెండుసార్లు.

పనిలో పనిగా అరవై నాలుగు నిబంధనల్నీ పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, అధికారిక పటంగా వాడుకొమ్మని మా కొట్టుకు పంపారు. మా ఆవిడ కళ్లకద్దుకుని పుచ్చుకుంది. పాఠ్యపుస్తకం లేదన్న కొరత అలా తీరింది. రొట్టెలత్త అరవై రెండేళ్ల జీవితంలో కూడబలుక్కుని చదివిన మొట్టమొదటి వాక్యం పన్నెండో నిబంధన.

"చదివేశానే పంతులమ్మా! 'స్త్రీ చ-ద-వ-రా-దు.' ఒక్క తప్పు లేకుండా మొత్తం చదివేశా!"

"మెల్లగా అత్తా. నువ్వు చదవలేదు. నీకు కనిపించింది."

"అవునవును. అబ్బ, ఎంత బాగా కనిపించిందే తల్లీ!"

ఆ సాయంత్రం వీధి వీధంతా రొట్టెలు పంచింది. కారణం అడిగితే కళ్లు నయమయ్యాయంది.

నిబంధనలు కనిపించడం మొదలయ్యాక వచ్చిన చిక్కు ఏమిటంటే, వాటిలో లేనివి కూడా కనిపించసాగాయి. వీధిలో నవ్వరాదని ఉంది, మిద్దె మీద అని లేదు. ఆ ఎండాకాలం పట్టణంలోని మిద్దెలన్నీ సాయంత్రం అయ్యేసరికి పగలబడి నవ్వేవి. ముగ్గురు స్త్రీలు గుంపుగా నడవరాదని ఉంది, నలుగురని లేదు. నలుగురేసి నడిచారు. కాపలావాళ్లు లెక్కపెట్టి, నిబంధన వెతికి, దారి ఇచ్చేవారు.

ఒకనాడు రొట్టెలత్త పొయ్యిని స్వాధీనం చేసుకుందామని సమితి మనుషులు ఇద్దరు వచ్చారు. ఆవిడ చేతులు దులుపుకుని, "పెద్దాయన చేత్తో రాసిచ్చిన కాగితమేది బాబూ? నలభై నాలుగో నిబంధన" అంది. వాళ్లిద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఏనాడూ బడి గడప తొక్కినవాళ్లు కారు.

"ఏదీ, ఎక్కడుంది?"

"అదిగో గోడమీద, కింది నుంచి మూడో వరసలో."

"ఏం రాసుందక్కడ?"

అధ్యక్షుల వారి చేతిరాత లేనిదే దేన్నీ స్వాధీనం చేసుకోరాదని, అత్త పిండి చేత్తోనే వేలు పెట్టి చదివి వినిపించింది. పాపం మర్యాదస్తులు. "తెలీకపోయింది, ఏమీ అనుకోకు పెద్దమ్మా" అని వెళ్లిపోయారు. వీధి మలుపు తిరిగాక ఒకడికి బుర్రలో ఏదో మెదిలింది. "ఒరే, ఆవిడకెలా తెలిసిందిరా?"

సాయంత్రానికి కబురు అధ్యక్షుల వారికి చేరింది. మర్నాడు మైకులో ప్రకటన. వచ్చే మంగళవారం చూపు పరీక్ష గదిలో స్వయంగా పరీక్ష. స్త్రీలు చూస్తున్నారా, చదువుతున్నారా తేలుస్తారు. ఒక్క స్త్రీ చదివినట్టు తేలినా ఆ గదిలో ఉన్న స్త్రీలంతా, పరీక్ష చేసే స్త్రీతో సహా, సంస్కరణ గృహానికి.

నేను మా ఆవిడతో చెప్పాను, జ్వరమని పడుకో, కొట్టు మూసేస్తానని. "మూస్తే ఒప్పుకున్నట్టేగా" అంది. పొడుగు పటం విప్పి దాచి, సమితి వారి అధికారిక పటం తగిలించింది. ఆ రోజు రావాల్సినవాళ్లు పదకొండు మంది. వాళ్లందరికీ ముందే కబురంపింది, రావద్దనుకుంటే మానేయమని, వచ్చినవాళ్లు ఏది చూపించినా నల్లగా ఉందని మాత్రమే చెప్పాలని. మంగళవారం పన్నెండు మంది వచ్చారు. పన్నెండో ఆవిడ వంతు గురువారం. అప్పటిదాకా ఆగలేనంది.

వాళ్లను వీధిలో నిలబెట్టి, అధ్యక్షుల వారి మనుషులు గది తలుపు మూసుకుని చాలాసేపు నేల పలకలు ఊడదీస్తున్నట్టు సుత్తులతో కొట్టారు. అంతకు ముందు వారమే బస్సుల షెడ్డు కింద మందుపాతర పేలి గోడ ఎగిరిపోయింది. ఆ చప్పుడు ఇంకా అందరి చెవుల్లోనే ఉంది. తరవాత ఆడవాళ్లను లోపలికి పంపారు. అధ్యక్షుల వారు వెనక వీధిలో నిలబడి, తలుపు సందులోంచి చూస్తూ చేతి గడియారం పట్టుకున్నారు. ఆయన అక్కడున్నట్టు లోపలివాళ్లకు తెలియదు. టార్చిదొర గోడకు ఒక కాగితం అంటించి, దానిమీద టార్చి వేశాడు.

దానిలో ఇలా ఉంది: "ఈ గది నేల కింద మందుపాతర పెట్టబడినది. అయిదు నిమిషములలో పేలును. ప్రాణములు దక్కవలెనన్న తక్షణము బయటికి పరుగెత్తుడు."

ఎంత తెలివైన పరీక్షో మీరే ఆలోచించండి. చదివినదైతే పరుగెడుతుంది. పరుగెత్తితే దొరుకుతుంది. ఇంత మేధస్సును బస్టాండులో ఎలా వృథా చేశారో!

టార్చిదొరకు ఈ ఏర్పాటు సంగతి చెప్పలేదు. ఆయనకు చదువొచ్చు గానీ మాటకూ మాటకూ మధ్య విశ్రాంతి కావాలి. అధ్యక్షుల వారు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. కళ్లద్దాల వ్యాపారిని కదా, ఒక్క చూపులో చదివేశాను. బుర్రలో లెక్క కూడా వెంటనే తేలింది: కొట్టు మళ్లీ పెట్టుకోవచ్చు, ప్రాణం ఒకటే. మా ఆవిడ లోపలే ఉన్నదన్న అంకె ఆ లెక్కలో ఎందుకు పడలేదో ఇప్పటికీ మళ్లీ కూడి చూసుకుంటూ ఉంటాను. కాళ్లు మాత్రం నన్ను రోడ్డు దాటించి, అవతలి మురుగుకాలువ గట్టు వెనక కూర్చోబెట్టాయి. లోపల జరిగింది, ఆ పన్నెండు మందిలో ఉన్న రొట్టెలత్త తరవాత చెప్పగా విన్నదే.

టార్చిదొర ఒక్కొక్కరినే "కనిపిస్తోందా?" అని అడిగాడట.

"కనిపిస్తోందయ్యా. నల్లగా ఉంది."

"కనిపిస్తోందయ్యా. వరసలున్నాయి."

"కనిపిస్తోంది బాబూ. చీమల బారులా ఉంది."

అడిగినప్పుడల్లా ఆయన కూడా కాగితం కేసి చూసి ఒక్కో మాట కూడబలుక్కుంటున్నాడు. అయిదో ఆవిడ పంపుల మెకానిక్కు భార్య, ఎనిమిదో నెల. స్టూలు కుంటిదని, గది మధ్య ఇప్పుడే ఊడదీసి వేసిన పలకల మీదే బాసింపట్టు వేసుకు కూర్చుని, "కనిపిస్తోందండీ" అంది. ఆవిడ ఆ కాగితాన్ని అందరికంటే ముందు చదివిందని నాకు తెలుసు. పటంలో ముప్పై ఆరో అడుగు మీద ఉంది.

తొమ్మిదో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి టార్చిదొర "పే... లు... ను" దాకా వచ్చాడు. పెదవులు కదిలాయి. రంగు మారింది. టార్చి కింద పడింది. గుమ్మం దగ్గరున్న ఇద్దరు కాపలావాళ్లు ఆయన వేగం చూసి, కారణం అడక్కుండా అనుసరించారు.

"అయ్యా, టార్చి మర్చిపోయారు!" అని అత్త కేకేసిందట.

ఇంకా ముగ్గురు మిగిలారు. మగవాళ్లు పారిపోవడం చూశాక, ఏ మూలనో మిగిలిన అనుమానం కూడా పోయింది. మందుపాతర ఉన్న మాట నిజమే. ఒక్కరు లేచినా అంతా పోతారు. ఎవరూ లేవలేదు. మా ఆవిడ వంగి టార్చి తీసి, తుడిచి, కాగితం మీద వేసింది.

"నీకు కనిపిస్తోందామ్మా?"

"కనిపిస్తోంది టీచరమ్మా."

"నీకు?"

"నల్లగా కనిపిస్తోంది."

"నీకు?"

పన్నెండో ఆవిడ, గురువారం దాకా ఆగలేనన్న ఆవిడ, "కనిపిస్తోంది గానీ, కింది వరస ఇంకొంచెం పెద్దగా రాయాల్సింది" అందట. ఆ ఒక్క మాటకే తన గుండె ఆగినంత పనైందని అత్త ఒప్పుకుంది.

అయిదు నిమిషాలు అయ్యాయి. ఏడు కూడా అయ్యాయి. ఏమీ పేలలేదు. తలుపు సందులోంచి అధ్యక్షుల వారి నిట్టూర్పు మాత్రం వినిపించింది.

వీధిలో మైకు పెట్టి ఫలితం ప్రకటించారు. "పురుషులు చదివారు, పరుగెత్తారు. పురుషులు చదివారు, పరుగెత్తారు. స్త్రీలు చూశారు, కూర్చున్నారు. స్త్రీలు చూశారు, కూర్చున్నారు. స్త్రీకి అక్షరం అంటదని నేడు శాస్త్రీయంగా రుజువైంది. రుజువైంది!" మా కొట్టు అనుమతి పొడిగించారు. టార్చిదొరకు అక్షరాస్యతా పతకం ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ చాలాసేపు చేతులు కడుక్కుంది.

"నువ్వు కూడా నిజమనే నమ్మావా?" అన్నాను.

"నమ్మాను."

"మరి?"

"పేలితే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నర్సమ్మ పక్క గదిలో అయితే..." అని ఆగిపోయింది. తువ్వాలు తీసుకుని, "మీరు ఎంతదాకా వెళ్లారు?" అంది.

"మురుగుకాలువ దాకా."

"ఇంకో నాలుగు అంగలు వేసుంటే బజారే. కూరగాయలైనా వచ్చేవి."

మరుసటి ఏడాది సమితి వారు వచ్చిన లారీల్లోనే వెళ్లిపోయారు. పెద్ద దేశాలకు వాళ్లతో ఉన్న అవసరం తీరిపోయిందని పత్రికలు రాశాయి. సంస్కరణ గృహం తలుపులు తెరిచారు. నర్సమ్మ తమ్ముడి భుజం పట్టుకుని బయటికి వచ్చింది. ఆ మూడేళ్ల చీకటికి చూపు తగ్గి, మా కొట్టు నుంచి నిజంగా పవరున్న అద్దాలు తీసుకున్న స్త్రీ ఆవిడ ఒక్కతే.

కొత్త ప్రభుత్వం విజయోత్సవ సభ పెట్టింది. వేదిక మీద మగవాళ్లం ఇరవై ఆరుగురం. ఆడవాళ్లకు ఎండ తగలకుండా వెనక వరసల్లో, తెర చాటున ఏర్పాటు చేశారు. కొత్త నగరాధ్యక్షులు ఆవేశంగా మాట్లాడారు: "చీకటి రోజుల్లో ఈ పట్టణ పురుషులు తమ స్త్రీలకు అండగా గోడలా నిలబడ్డారు!"

"నిలబడ్డారు నాయనా," అంది తెర వెనక నుంచి రొట్టెలత్త, "రోడ్డుకు అవతల."

మైకు ఆవిడ దగ్గర లేదు కనుక ఆ మాట రికార్డుల్లో లేదు.

లెక్క ముగిస్తాను. మా వెనక గదిలో చదవడం రాయడం నేర్చినవాళ్లు ఆరు వందల పన్నెండు మంది. ముప్పై అడుగులు దాటినవాళ్లు నలభై. వాళ్లలో సంస్కరణ గృహానికి పోయినవాళ్లు ఒక్కరూ లేరు. పంపుల మెకానిక్కుకు ఆడపిల్ల. ఆడపిల్లల బడి మళ్లీ తెరిచారు, చెమ్మ దానంతట అదే ఆరిపోయింది. స్త్రీ విద్యను దగ్గరుండి పరిశీలించిన అనుభవం ఉందని టార్చిదొరను విద్యాధికారిగా వేశారు. మా ఆవిడ పాత ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. గత మూడేళ్లుగా బోధనానుభవం లేదని ఆయన తిరస్కరించాడు. ఆవిడ ఆ ఉత్తరం చదివి, వెనక గదిలో పటం మళ్లీ కట్టింది. ఇరవై అడుగుల గుడ్డ అదనంగా తెమ్మంది.

నాకు వచ్చింది ధైర్యసాహసాల పతకం ఒకటి. మురుగుకాలువ గట్టు దగ్గర నేను కూర్చున్న చోట శిలాఫలకం కూడా వేశారు. ఆ గట్టు మంచి పొడవైనది. ఆ రోజు నేను వెళ్లేసరికే, సుత్తుల చప్పుడు విని వచ్చిన చాలామంది పెద్దమనుషులు అక్కడ సర్దుకుని కూర్చుని ఉన్నారు. అయినా ఇంకా చోటు మిగిలింది. అవసరం పడితే మీరూ రావచ్చు.